వగైరాలో వెర్డెల్

హాలోవేలో నల్లవాళ్లుండే వైపు వెర్డెల్ మకీ చెయ్యి పడని ఆడవాళ్ల తల లేదు. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. పొయ్యి మీద ఉంగరాల జుట్టు సాపుచేసే ఇనుప దువ్వెన కాగుతూ ఉండేది, డబ్బాలో జుట్టుకి రాసే పొమేడ్ కరుగుతూ ఉండేది, కుర్చీలో కూర్చున్న మనిషి నోరు దానంతటదే తెరుచుకునేది. శనివారం సాయంత్రానికల్లా ఊళ్లో సంగతులన్నీ కత్తిరించిన వెంట్రుకలతోపాటు ఆమె నేల మీద కుప్ప పడేవి.

ఆ తలల్లో ఒక్క తలంటే ఆమెకు చిన్నప్పట్నుంచీ కంటగింపు. అది ఓజెల్లా ఫ్రీర్సన్ తల.

ఇద్దరూ ఒకే మట్టిరోడ్డు మీద, పత్తిచేనుకు ఈ కొసన ఒకరూ ఆ కొసన ఒకరూ పెరిగారు. ఒకే ఏడు పుట్టి, ఒకే గది బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఈస్టరు నాడు చర్చిలో పద్యం చెప్పాలని వెర్డెల్ వారాల తరబడి వల్లె వేసేది. తీరా ఆ రోజుకి టీచరు ఓజెల్లాని నిలబెట్టేది. "నీ గొంతు గట్టిదే వెర్డెల్. కాని ఓజెల్లా నిలబడితే చూడముచ్చటగా ఉంటుందమ్మా" అనేది. వెర్డెల్ ఇంటికెళ్లి, అమ్మ పనిచేసే తెల్లదొరసాని పారేసిన పగుళ్ల అద్దం ముందు ఓజెల్లాలా నిలబడి చూసుకునేది. కుదిరేది కాదు. ఈమె పొట్టి మనిషి. ముందుకు వంగి నడుస్తుంది. తను గుమ్మం దాటకముందే తన మాట వీధిలోకి వెళ్లిపోతుంది.

పెద్దయ్యాక కూడా అంతే. ఓజెల్లాకి హెజెకయా దొరికాడు. వడ్రంగి, చర్చిలో పెద్దమనిషి, పెళ్లాం మాట్లాడుతుంటే టోపీ తీసి వినే రకం. వెర్డెల్‌కి లూథర్ దొరికాడు. వాడు ఫిలడెల్ఫియాలో ఫ్యాక్టరీ పని చూసుకుని కబురు పెడతానని రైలెక్కాడు, మళ్లీ జాడ లేదు. వాడు పోయిన చాలాకాలానికి అయోనా పుట్టింది. ఊరంతా వేళ్లు మడిచి చూసుకుంది. తండ్రెవరో వెర్డెల్ చెప్పలేదు. చర్చివాళ్లు ఆమెను పాటల బృందంలోంచి తీసేసి, ఏడాది గడిచాక దయతలచి వెనక వరసలో నిలబెట్టారు. ముందు వరస మధ్యలో ఓజెల్లా.

ఓజెల్లా ఒక్క మాటంటే బాగుండేది. అనలేదు. పురిటి మంచం దగ్గరికి కోడిమాంసం వేసి వండిన అన్నం గిన్నె పట్టుకొచ్చి, పసిదాన్ని ఎత్తుకుని, "నీ కళ్లేనే దీనికి" అంది. ఆ అన్నం రుచిగా కూడా ఉంది. వెర్డెల్‌కి అది మరీ మింగుడుపడలేదు.

ఇలా ఉండగా వాషింగ్టన్‌లోని పెద్దకోర్టు తెల్లపిల్లలకో బడీ నల్లపిల్లలకో బడీ కుదరదని తీర్పు చెప్పింది. యాభై ఏళ్ల పైచిలుకు కిందట అదే కోర్టు, వేరుగా ఉంచినా సమానంగా చూస్తే చాలని చెప్పి ఉంది. "ఆ వేరు అనేది మనకి ముట్టింది, ఆ సమానం అనేదే దారిలో ఎక్కడో రైలు దిగిపోయింది" అని పాస్టరు టిస్డేల్ గారు ప్రసంగంలో అంటే జనం బల్లలు చరిచి నవ్వారు. మరుసటేడు అదే కోర్టు, ఈ పని తగుమాత్రం తొందరతో చెయ్యమంది. "అంటే నిదానంగా తొందరపడమన్నమాట" అంది వెర్డెల్ దువ్వెన ఊదుకుంటూ. హాలోవే బడులబోర్డుకి ఆ నిదానం ఒక్కటే వినబడింది. నల్లపిల్లలు మునుపట్లాగే తెల్లవాళ్ల ఇటుక బడి ముందునుంచి నడిచి, ఊరవతల రేకుల బడికి వెళ్లేవారు. చినిగిన పుస్తకాల అట్టల మీద తెల్లపిల్లల పేర్లుండేవి.

రాష్ట్ర రాజధాని కొలంబియా నుంచి థాడియస్ బాయ్‌కిన్ అనే నల్ల లాయరు వచ్చి చర్చిలో మీటింగు పెట్టాడు. దావా వెయ్యాలి, పిల్లల తల్లిదండ్రులు ముందుకు రావాలి అన్నాడు. చర్చి నిండా జనమే గాని అందరూ తమ బూట్ల వంక చూసుకుంటున్నారు. మిల్లులో పనిచేసేవాడికి మిల్లు భయం, కౌలుకి చేసేవాడికి భూమి భయం.

వెనక వరసలోంచి వెర్డెల్ లేచింది. "నాది రాసుకోండి. వెర్డెల్ మకీ. నా కుర్చీలో తెల్లతోలు ఏదీ కూర్చోదు. నన్ను పనిలోంచి తీసేసే మొగాడెవడు?"

చప్పట్లు మోగాయి. జీవితంలో ఆమెకోసం మోగిన మొదటి చప్పట్లవి. ఆమె తరవాతే ఇంకొందరు చేతులెత్తారు. ఓజెల్లా ఎత్తలేదు. మొగుడి పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ వారంలోనే బాయ్‌కిన్ వెర్డెల్ ఇంటికొచ్చాడు. టోపీ మోకాలి మీద తిప్పుకుంటూ కాసేపు కాఫీని పొగిడాడు. మంచి కబురు తెచ్చినవాడెవడూ అంతసేపు కాఫీని పొగడడని వెర్డెల్‌కి అర్థమయింది.

"చెప్పండి సార్, వచ్చిన పని."

"మిసెస్ మకీ, కోర్టులో అవతలివాళ్లు చట్టం గురించి మాట్లాడరు. మీ గురించి మాట్లాడతారు."

"నా గురించి ఏముంది మాట్లాడ్డానికి?"

ఆయన వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతున్న అయోనా వైపు ఒకసారి చూసి, చూపు కప్పులోకి దించుకున్నాడు.

"సరే. అయితే ఎవరు?"

"మిసెస్ ఫ్రీర్సన్ ఒప్పుకున్నారు. వాళ్ల లొరెయిన్ తరఫున."

"ఆవిడ చెయ్యైనా ఎత్తలేదు!"

"మేమే వెళ్లి అడిగాం."

లాయరు వెళ్లిపోయాక వెర్డెల్ ఆ కప్పు రెండుసార్లు కడిగింది. చెయ్యెత్తినవాళ్లు అక్కర్లేదు. ఎత్తనివాళ్లింటికి వెళ్లి బతిమాలారు. ఈస్టరు పద్యమే మళ్లీ, ఈసారి కోర్టులో.

దావాకి 'ఓజెల్లా ఫ్రీర్సన్, వగైరా' అని పేరు పడింది. వాదుల్లో మరికొందరు తల్లిదండ్రులున్నారు గాని ఊరి నోట అది ఓజెల్లా కేసు. ఆ వగైరాలో కూడా వెర్డెల్ లేదు.

దావా పడ్డ నెలలోనే హెజెకయాకి తెల్లవాళ్ల ఇళ్లలో పని పోయింది. కొట్లో అరువు ఆగింది. ఒక తెల్లవారుజామున ఎవరో కారులో వచ్చి వాళ్ల ముందు తలుపు మీద తుపాకులు పేల్చిపోయారు. దెబ్బ ఎవరికీ తగల్లేదు. తెల్లారి ఊరంతా అక్కడే. గిన్నెలతో అన్నం, వేయించిన చేపలు, చిలగడదుంప పైలు అనే తీపి రొట్టెలు. న్యూయార్కు నుంచి పత్రికవాడొచ్చి ఆ తలుపు పక్కన ఓజెల్లాని నిలబెట్టి ఫొటో తీశాడు. ఆమె నిలబడితే చూడముచ్చటగానే ఉంది.

వెర్డెల్ కూడా గిన్నె పట్టుకెళ్లింది. తలుపుకున్న బెజ్జాలు చూస్తూ నిలబడింది. అందరూ అయ్యో అంటుంటే ఆమె మనసు మాత్రం, ఇవి నా తలుపుకి పడాల్సినవి కదా అంది. ఆ ఆలోచనకి ఆమెకే సిగ్గేసింది. సిగ్గు వచ్చిందని అసూయ లేచి చోటివ్వలేదు. రెండూ ఒకే బల్ల మీద సర్దుకు కూర్చున్నాయి.

ఇంతకంటే పెద్ద ముల్లు ఇంట్లోనే మొలిచింది. చర్చిలో నడిపే ఆదివారం బడిలో అయోనాకి టీచరు ఓజెల్లా. పిల్ల ఇంటికొచ్చి అన్నం దగ్గర కూడా ఆవిడ జపమే.

"అమ్మా, సిస్టర్ ఓజెల్లా ఎప్పుడూ అరవదు తెలుసా? మెల్లిగా మాట్లాడితేనే జనం వింటారంటుంది."

"ఆవిడకి అరిచే పని ఏముందే? ఆవిడకి కావలసినవన్నీ జనమే తెచ్చిపెడతారు."

"నేను పెద్దయ్యాక ఆవిడలా ఉంటా."

"ముందు ఆ బఠాణీలు తిను. ఆవిడలా పొడుగవుతావు."

రెండేళ్ల తరవాత మొదటి విచారణ పడింది. ముందురోజు ఓజెల్లా తల దిద్దించుకోవడానికి వచ్చింది. కోర్టులో ఒక్క వెంట్రుక లేచినా తెల్లపత్రికలు రాస్తాయని లాయరు చెప్పాడట. వెర్డెల్ కాగిన దువ్వెనను తడిగుడ్డకి తాకించి, మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. జుట్టు చుయ్యిమంది.

"చెవి పట్టుకో. కదిలావంటే కాలుతుంది. రేపు కోర్టులో అది కూడా నా మీదే రాస్తారు."

"నీ చెయ్యి ఎప్పుడూ కాల్చలేదుగా" అంది ఓజెల్లా చెవి మడుచుకుంటూ.

"ఎప్పుడూ కాల్చలేదంటే ఇకమీదట కాల్చనని కాదు."

ఓజెల్లా నవ్వింది. కొంచెం సేపటికి ఆమె భుజాలు జారాయి. ఆ కుర్చీలో అందరి భుజాలూ ఎక్కడో ఒకచోట జారతాయి. "వెర్డెల్, ఎవరికీ చెప్పకు. తుపాకులు పేలిన రోజునుంచీ లొరెయిన్ మా ఇంట్లో పడుకోవట్లేదు. ఏరు దాటి మా అమ్మ దగ్గర ఉంచాను. పొద్దున్నే హెజెకయా వెళ్లి బడికి తీసుకొస్తున్నాడు. నాకు నిద్రల్లేవే."

ఏరు దాటితే వేరే కౌంటీ, వేరే బడులబోర్డు. పిల్ల వేరే కౌంటీలో ఉంటోందంటే హాలోవే బడి గురించి దావా వేసే హక్కు తల్లికి లేదని వాదించొచ్చు. చర్చి మీటింగుల్లో లాయరు చెప్పిన మాటలు వెర్డెల్ శ్రద్ధగా విన్నది. ఆమె చేతిలోని దువ్వెన గాలిలో ఆగింది. మళ్లీ కదిలింది. "తల ముందుకు వంచు" అంది అంతే.

విచారణ మొదటిరోజున తెమలక మర్నాటికి వాయిదా పడింది. ఆ సాయంత్రమే బడులబోర్డు తరఫున పనులు చక్కబెట్టే కాగిన్స్ అనే తెల్లాయన వెర్డెల్ గుమ్మంలోకొచ్చాడు. టోపీ తియ్యలేదు. కుర్చీలో కూర్చున్న ముసలామె సగం దిద్దిన తలతోనే లేచి వంటింట్లోకి పోయింది.

"వెర్డెల్, నీతో పని పడింది."

"జుట్టు దిద్దించుకోవడానికైతే మీకు అంత జుట్టు లేదు సార్."

కాగిన్స్ నవ్వు ముఖానికి పులుముకున్నాడు. "ముందు చెయ్యెత్తింది నువ్వటగా? నిన్ను పక్కకి తోసి ఆ ఫ్రీర్సన్ మనిషిని పెట్టారు. నీకూ ఆవిడకీ పడదని ఊరంతా అంటారు. వాళ్ల పిల్ల ఇంట్లో కనబడటం లేదని విన్నాం. ఎక్కడుంటుందో నీకు తెలిసే ఉంటుంది. అందరి సంగతులూ నీ దగ్గరే ఉంటాయిగా. రేపు వచ్చి ఆ ఒక్కమాట చెప్పు. నిజమే చెప్పు. అబద్ధం చెప్పమనట్లేదు."

వెర్డెల్‌కి భయమేసింది. ఆశ కూడా పుట్టింది. రేపు కోర్టులో తన పేరు పిలుస్తారు. జనమంతా తనవైపు తిరుగుతారు. ఓజెల్లా తలెత్తి తన నోటివంక చూస్తుంది. ఆ దృశ్యం ఒక్క క్షణం కమ్మగా కళ్లముందు నిలిచింది. అది కమ్మగా ఉండటం చూసి ఆమెకు తనమీదే కోపం వచ్చింది. ఆ కోపం కాగిన్స్ మీద పోసింది.

"మీరు విన్నది నిజమే సార్. ఆవిడంటే నాకు కడుపుమంట. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మంటే. కాని అది నా కడుపు, నా మంట. దాని మీద మీ కుండ పెట్టి వండుకుంటానంటే ఒప్పుకోను."

"ఆలోచించుకో. నీ లైసెన్సు గోడ మీద ఉంది. గోడ మీద ఉన్నవి ఒక్కోసారి కింద పడతాయి."

పడింది కూడా. నెల తిరగకుండా తనిఖీవాళ్లొచ్చి, తలలు కడిగే తొట్టి సరిగా లేదని దుకాణం మూయించారు. ఆ ఏడాదంతా వెర్డెల్ దువ్వెన సంచిలో వేసుకుని వాళ్ల వంటింట్లో వీళ్ల వంటింట్లో తలలు దిద్దుతూ తిరిగింది, ఏడాది గడిచాకే దుకాణం మళ్లీ తెరవనిచ్చారు. ఎందుకు మూతపడిందో ఎవరికీ చెప్పలేదు. చెబితే కాగిన్స్ ఆమె గుమ్మమే ఎందుకు తొక్కాడో కూడా చెప్పాలి. ఓజెల్లా మీద ఈమె ఏడుపు తెల్లవాళ్లదాకా పాకిందని ఒప్పుకోవాలి. అలా ఆమె జీవితంలోకెల్లా మంచిపని ఎవరికీ తెలియకుండా పోయింది. ఊళ్లో మాత్రం వంటిల్లు వంటిల్లూ ఓజెల్లా ధైర్యం గురించే మాట్లాడుకుంది. ఆ మాటలు వింటూ వెర్డెల్ వాళ్ల తలలు దిద్దింది.

జడ్జి దావా కొట్టేశాడు. ముందు బోర్డుకి అర్జీ పెట్టుకోండి, కాదంటేనే రండి అన్నాడు. అర్జీ పెడితే బోర్డు జవాబివ్వలేదు. బాయ్‌కిన్ పైకోర్టుకెళ్లాడు. పైకోర్టు కిందికి పంపింది. ఏళ్లు దొర్లాయి. రిబ్బన్లు కట్టుకుని కోర్టుకొచ్చిన లొరెయిన్ పెద్దదై రేకుల బడిలోనే చదువు ముగించింది. వెంటనే బోర్డు లాయర్లు లేచారు. పిల్ల చదువే అయిపోయాక ఇంకా ఫిర్యాదేమిటి, మిగతా వాదులు ఒక్కొక్కరూ భయపడి తప్పుకున్నారు, ఈ దావాకిక ప్రాణం లేదు అన్నారు.

బాయ్‌కిన్ మళ్లీ వెర్డెల్ ఇంటికొచ్చాడు. జుట్టు నెరిసింది. ఈసారి కాఫీని పొగడలేదు.

"మిసెస్ మకీ, బడిలో పిల్ల ఉన్న మనిషి ఒకరు దావాలో చేరాలి. లేకపోతే ఏడేళ్ల పని మట్టిలో కలుస్తుంది."

"అప్పుడు నా గురించి మాట్లాడతారన్నారు. ఇప్పుడు మాట్లాడరా?"

"మాట్లాడతారు. ఇంకా ఎక్కువ మాట్లాడతారు."

"అయితే దావా నా పేరు మీద నడుస్తుందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మొదట పడ్డ పేరే ఉంటుంది. ఫ్రీర్సన్ వగైరా. మీరు..."

"వగైరా."

"అవును."

వెర్డెల్ గట్టిగా నవ్వింది. "ఏడేళ్లు ఆవిడ ఫొటోలు దిగింది. ఇప్పుడు బండి బురదలో దిగబడితే తొయ్యడానికి నేను. బండి మీద పేరు మాత్రం ఆవిడది. చెయ్యను సార్. వేరే ఎవర్నన్నా చూసుకోండి."

మర్నాడు ఓజెల్లా వచ్చింది. బతిమాలడానికే వచ్చిందనుకుని వెర్డెల్ తొందరపడలేదు, తువాళ్లు మడుస్తూ కూర్చుంది. ఈ క్షణం కోసం ఎంతకాలంగా చూస్తోందని!

ఓజెల్లా కూర్చోలేదు. "బాయ్‌కిన్ గారు నిన్నడిగారట. అడగొద్దని నేను ముందే చెప్పాను. మనసులో పెట్టుకోకు."

"ఎందుకు అడగొద్దన్నావ్?"

"నీకెందుకే ఈ గోల. నీకు కోపమెక్కువ, నోరాగదు. వాళ్లు అక్కడ నిలబెట్టి తోలు వలుస్తారు. నువ్వు తట్టుకోలేవు."

"ఓహో. నువ్వు తట్టుకున్నావు, నేను తట్టుకోలేనా?"

"నీ మంచికే చెప్పాను."

"నా మంచి నువ్వు చూడక్కర్లేదు. మా అమ్మ బతికుండగా ఆవిడే చూళ్లేదు." వెర్డెల్ చేతిలో తువాలు విసిరికొట్టింది. "ఏ రోజు రావాలో ఆయన్ని చెప్పమను. మంచి గౌను నాకూ ఉంది."

అలా చేరింది వెర్డెల్ మకీ వగైరాలో. న్యాయం కోసం అని తరవాత ఎందరో అన్నారు. ఆమె ఎప్పుడూ అలా అనలేదు.

విచారణనాడు ఫెడరల్ కోర్టు కిక్కిరిసింది. బాయ్‌కిన్ అడిగినవాటికి వెర్డెల్ చక్కగానే చెప్పింది. తరవాత బోర్డు లాయరు లేచాడు. కోటు బొత్తాలు పెట్టుకుంటూ దగ్గరికొచ్చాడు.

"వెర్డెల్, నీ కూతురి తండ్రి ఎవరు?"

బాయ్‌కిన్ అభ్యంతరం చెప్పాడు. జడ్జి ఏదో అనబోయేలోగా వెర్డెల్ అందుకుంది. "తండ్రి పేరు చెబితేనే మీ బడిలో చేర్చుకుంటారా సార్? ఆ షరతు ఎక్కడ రాసుందో చూపించండి. వాణ్ణి వెతికి తీసుకొస్తాను. తెల్లపిల్లల్ని చేర్చుకునేటప్పుడు కూడా అలాగే అడుగుతున్నారా మరి? అడిగితే ఊళ్లో కొన్నిళ్లు కూలతాయి."

వెనకనుంచి నవ్వు ఒక్కసారిగా లేచింది. జడ్జి సుత్తి కొట్టాడు. వెర్డెల్ ఆ నవ్వుల్లో ఒక్క ముఖం కోసం వెతికింది. ఓజెల్లా గ్లవ్స్ తొడుక్కున్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

లాయరు ముఖం ఎర్రబడింది. ఈసారి గొంతు మెత్తగా చేశాడు. "నువ్వీ దావాలో చేరింది నీ కూతురి చదువు కోసం కాదు. ఓజెల్లా ఫ్రీర్సన్ మీద నీకు చిన్నప్పట్నుంచీ అసూయ. ఆవిడకొచ్చిన పేరు నీకూ కావాలి. అవునా కాదా?"

బాయ్‌కిన్ లేవబోయి, వెర్డెల్ ముఖం చూసి ఆగాడు. కాదంటే సరిపోయేది. ఎవరూ రుజువు చెయ్యలేరు. కాని ఎదురుగా ఓజెల్లా కూర్చుని ఉంది, నోటి దగ్గర చెయ్యి తీసేసి చూస్తోంది. ఆ కళ్లలోకి చూస్తూ కాదనడం వెర్డెల్‌కి చేతకాలేదు.

"అవును" అంది.

ఎక్కడో ఒక బల్ల కిర్రుమంది.

"అసూయే. ఆవిడ పొడుగు చూసి అసూయ, ఆవిడ మొగుణ్ణి చూసి అసూయ. ఆవిడ తలుపుకి తూటాలు తగిలితే వాటిని చూసీ అసూయపడ్డాను. అంత చెడ్డదాన్ని. అయితే ఏమిటి సార్? అసూయ ఉన్నవాళ్ల పిల్లలకి చదువు ఉండకూడదా? ఆ రేకుల బడిలో వాన కురిస్తే మంచివాళ్ల పిల్లలూ తడుస్తారు, నా పిల్లా తడుస్తుంది."

లాయరు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

బయట మెట్ల మీద ఓజెల్లా ఆమెను కలుసుకుంది.

"అదంతా అందరి ముందూ చెప్పాలా?" అంది.

"బైబిలు మీద ప్రమాణం చేయించారుగా. నన్నేం చెయ్యమంటావ్?"

"తూటాలక్కూడానా?"

"వాటికే ఎక్కువ."

ఓజెల్లా చేతిసంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని మెట్లు దిగింది. చాలా రోజులు ఆమె తల దిద్దించుకోవడానికి రాలేదు.

వేసవి మొదట్లో తీర్పొచ్చింది. హాలోవే బడి తలుపులు తియ్యాల్సిందేనన్నాడు జడ్జి. చర్చిలో పండగ చేశారు. పాస్టరుగారు ఓజెల్లాని వేదిక మీదికి పిలిచారు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెర్డెల్ వెనక వరసలో వీపు నిటారుగా పెట్టుకుని తన పేరు కోసం ఎదురుచూసింది. "ఇంకా సహకరించిన అందరికీ" అన్నారు పాస్టరుగారు. పత్రికలో పడ్డ ఫొటోలో ఓజెల్లా, బాయ్‌కిన్, వాళ్ల పక్కన ఎవరిదో భుజం. ఆ భుజం మీది పూల గౌను తనదేనని వెర్డెల్ కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ చూపించింది.

బడి తెరిచేరోజు పొద్దున్నే ఆమె అయోనాకి తల దువ్వింది. పిల్ల పద్నాలుగో ఏట ఉంది, తల్లికంటే చెయ్యెత్తు పెరిగింది.

"అమ్మా, సిస్టర్ ఓజెల్లాని కూడా రమ్మను."

"నేను చాలనా?"

"నువ్వు వాళ్లతో పోట్లాడతావు. ఆవిడ ఉంటే ఊరుకుంటావు."

వెర్డెల్ రిబ్బను గట్టిగా లాగి ముడేసింది. ఏమీ అనకుండా వెళ్లి ఓజెల్లా తలుపు తట్టింది. కోర్టు మెట్ల తరవాత ఇద్దరూ మాట్లాడుకోవడం అదే. "పిల్ల నిన్ను రమ్మంటోంది" అంది, ఎటో చూస్తూ. ఓజెల్లా టోపీ పెట్టుకుని బయల్దేరింది.

బడి ముందు తెల్లజనం రోడ్డుకి రెండువైపులా గుమికూడి కేకలేస్తున్నారు. ఆడవాళ్లే ఎక్కువ. కొందరు చంకన పిల్లల్ని వేసుకుని మరీ అరుస్తున్నారు. పోలీసులు దారి చేశారు. గేటు దగ్గర పెద్దవాళ్లను ఆపేశారు. అయోనా పుస్తకాలు గుండెలకి హత్తుకుని, మెల్లిగా, తల నిటారుగా పెట్టుకుని లోపలికి నడిచింది. ఆ నడక ఎవరి దగ్గర నేర్చుకుందో వెర్డెల్‌కి చెప్పక్కర్లేదు. గుండెలో మళ్లీ ముల్లు గుచ్చుకుంది. ఆనాడు కూడా.

తలుపు మూసుకున్నాక ఓజెల్లా కదల్లేదు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు.

"నీ పిల్ల వెళ్లింది" అంది. "నా పిల్ల వెళ్లలేదు. ఏడేళ్లు తిరిగాను. లొరెయిన్ ఒక్కరోజు కూడా ఆ గుమ్మం తొక్కలేదు. నీ పిల్ల వెళ్లింది."

ఆ గొంతులో ఉన్నదేమిటో వెర్డెల్ ఇట్టే పోల్చుకుంది. చిన్ననాటినుంచీ తను తింటున్న కూడు అది, వాసన తెలియదా? ఓజెల్లా తన వంక చూస్తోంది. తను ఓజెల్లా వంక చూసే చూపే అది. ఓదార్చాలని ఆమెకు తెలుసు. అయినా ముందు గుండె నిండా పొంగింది మాత్రం సంతోషమే. దాన్ని దాచుకోలేకపోయింది.

"అవునే. నా పిల్లే వెళ్లింది" అంది.

ఓజెల్లా చివ్వున తలెత్తింది. తరవాత ఏడుపులోంచే నవ్వొచ్చింది. "నువ్వు నిజంగా చెడ్డదానివే."

"కోర్టులో ఒప్పుకున్నాగా. పద. జనం చూస్తున్నారు. ఇంటికెళ్లి కాఫీ పెడతా."

ఆ కాఫీ దగ్గరే వెర్డెల్ మొదటిసారి కాగిన్స్ వచ్చిన సంగతి చెప్పింది. ఓజెల్లా కప్పు కింద పెట్టింది. "నీ దుకాణం అందుకా మూశారు? ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది. "నువ్వు మెచ్చుకుంటావని భయపడ్డా" అంది వెర్డెల్. అది హాస్యమో నిజమో ఓజెల్లాకి అంతుబట్టలేదు.

అయోనాకి ఆ బడిలో ఏళ్లు కష్టంగానే గడిచాయి. పక్కన కూర్చున్నవాళ్లు లేరు, లాకరులో చచ్చిన కప్పలు పెట్టినవాళ్లున్నారు. పూర్తిచేసింది. చదువుకుని తిరిగొచ్చి అదే బడిలో లెక్కల టీచరైంది. లొరెయిన్ చార్ల్‌స్టన్‌లో నర్సయింది. వెర్డెల్, ఓజెల్లా ముసలివాళ్లయ్యారు. ఒకరు మోకాళ్లనొప్పులంటే రెండోవారికి నడుం కూడా నొప్పి పుట్టేది.

ఓజెల్లాయే ముందు పోయింది. చర్చి పట్టనంత జనం వచ్చారు. గవర్నరు ఆఫీసునుంచి కూడా దండ వచ్చింది. వెర్డెల్ రెండో వరసలో కూర్చుని, పూలు మరీ ఎక్కువయ్యాయి, తుమ్ములొస్తున్నాయి అని గొణుగుతూ, రుమాలు తడిసి ముద్దయ్యేదాకా ఏడ్చింది.

"ఇన్నాళ్లూ ఆవిడ మీద ఏడ్చావు" అంది అయోనా ఆమె భుజం పట్టుకుని. "ఇప్పుడు ఆవిడ కోసమా అమ్మా?"

"ఏదైతే ఏమే, ఏడుపు ఏడుపే. నువ్వు ఊరుకో."

మరుసటేడు పురపాలక సంఘం వెర్డెల్ ఉండే వీధికి ఓజెల్లా ఫ్రీర్సన్ వీధి అని పేరు పెట్టింది. ఓజెల్లా ఇల్లున్న వీధి మరీ చిన్నదట. వెర్డెల్ కర్ర పట్టుకుని మీటింగుకి వెళ్లి, ఊళ్లో ఇన్ని వీధులుండగా నా వీధే దొరికిందా అని దులిపేసి వచ్చింది. ఎవరూ పేరు మార్చలేదు. ఒక సోమవారం పొద్దున పనివాళ్లొచ్చి ఆమె ఇంటి మూల మీద స్తంభం పాతి, ఆకుపచ్చ పలక బిగించి, బండెక్కబోతున్నారు. వెర్డెల్ అరుగు దిగి వెళ్లి, తల ఎత్తి చూసి, కర్రతో బండి తలుపు మీద కొట్టింది.

"ఎక్కడికి పోతున్నారు? కళ్లున్నాయా మీకు? అది ఎడంపక్కకి వాలింది. దింపండి. తిన్నగా పెట్టి కదలండి. రోజూ చూడాల్సింది నేను."